ఫైల్ మీద డబుల్ క్లిక్ చేస్తే ఏ యాప్ తెరుచుకోవాలో మీరే నిర్ణయించడం ఎలా

నిన్నటిదాకా ఫొటో వ్యూయర్‌లో తెరుచుకున్న ఫొటోలు ఇవాళ ఏదో ఎడిటింగ్ యాప్‌లో తెరుచుకుంటున్నాయి. పీడీఎఫ్ నొక్కితే మీరు వాడే రీడర్ బదులు బ్రౌజర్ వస్తోంది. లేదంటే ఫైల్ ఐకాన్ తెల్లకాగితంలా మారిపోయింది, నొక్కితే దీన్ని దేనితో తెరవమంటారని కంప్యూటర్ మిమ్మల్నే ఎదురు అడుగుతోంది. ఇలాంటప్పుడు చాలామంది మొదట భయపడేది ఫైల్ పాడైపోయిందేమోనని. కంగారుపడి ఫైల్ పేరు మార్చేస్తారు, ఎక్కడెక్కడి సాఫ్ట్‌వేరో దింపుకుంటారు, అప్పుడు నిజంగానే గందరగోళం మొదలవుతుంది.

అసలు సంగతి చాలా చిన్నది. తనను ఏ యాప్ తెరవాలో మామూలుగా ఫైల్‌కి తెలియదు. అది కంప్యూటర్ వేరేచోట రాసిపెట్టుకున్న చీటీలాంటిది: ఈ తోక ఉన్న ఫైళ్లన్నీ ఫలానా యాప్‌కి పంపు, అంతే. తోక అంటే ఫైల్ పేరులో ఆఖరి చుక్క తర్వాత వచ్చే అక్షరాలు, ఎక్స్‌టెన్షన్. ఆ చీటీని మార్చినా, చెరిపినా ఫైల్ లోపల ఒక్క అక్షరం కూడా కదలదు. కాబట్టి నిశ్చింతగా మొదలుపెట్టండి. ఇక్కడ చెప్పేవన్నీ మళ్లీ వెనక్కి తిప్పుకోగలిగే పనులే.

ముందు తోక కనబడాలి

విండోస్ తనకు తెలిసిన ఎక్స్‌టెన్షన్లను మామూలుగా దాచేస్తుంది. పేరు శుభ్రంగా కనబడాలని అలా చేశారు గానీ, నా ఉద్దేశంలో అది మంచి నిర్ణయం కాదు. ఏ తోక ఉందో కనబడకుండా ఏ యాప్‌కి పంపాలో మీరెలా నిర్ణయిస్తారు?

విండోస్ 11లో ఏదైనా ఫోల్డర్ తెరిచి, పైన 'వ్యూ' నొక్కి, అందులో 'షో' మీదికి వెళ్లి, 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' దగ్గర టిక్ పెట్టండి. విండోస్ 10లో అదే మాట 'వ్యూ' ట్యాబ్‌లో నేరుగా కనిపిస్తుంది. మ్యాక్‌లో అయితే ఫైండర్ సెట్టింగ్స్‌లో 'అడ్వాన్స్‌డ్' అనే భాగంలో 'షో ఆల్ ఫైల్‌నేమ్ ఎక్స్‌టెన్షన్స్' ఉంటుంది. లినక్స్‌లో ఈ బాధ లేదు, అక్కడ పూర్తి పేరే కనబడుతుంది.

ఈ తోకల పద్ధతి విండోస్ కంటే పాతది. 1981లో వచ్చిన ఎంఎస్-డాస్‌లో ఫైల్ పేరుకి 8 అక్షరాలు, తోకకి 3 అక్షరాలు మాత్రమే ఇచ్చారు. ఆ పద్ధతిని అంతకుముందున్న సీపీ/ఎం అనే సిస్టమ్ నుంచి తీసుకున్నారు. విండోస్ 95తో పొడవాటి పేర్లు వచ్చాయి గానీ, మూడక్షరాల తోకలు మాత్రం అలాగే నిలిచిపోయాయి. ఫొటోల తోకను కొందరు జేపీజీ అనీ, కొందరు జేపీఈజీ అనీ రాయడం వెనక ఉన్న కథ ఇదే. రెండూ ఒకటే, నాలుగో అక్షరానికి అప్పట్లో చోటు లేదు. కానీ గుర్తుంచుకోండి, చీటీల లెక్కలో ఈ రెండూ వేర్వేరు. ఒకదానికి యాప్ మార్చి రెండోదాన్ని మరిచిపోతే, సగం ఫొటోలు ఒకచోట, సగం ఇంకోచోట తెరుచుకుంటాయి.

లోపల నిజంగా ఏముందో చూడండి

ఫైల్ తెరుచుకోకపోతే యాప్ మార్చడానికి ముందు ఒక్క నిమిషం ఈ పని చేయండి. ఎక్కువమంది వదిలేసేది దీన్నే, నాకు ఎక్కువసార్లు పనికొచ్చింది కూడా ఇదే.

తోక అనేది పేరులో భాగం మాత్రమే. దాన్ని ఎవరైనా ఎలాగైనా మార్చేయొచ్చు, లోపలి సరుకు మారదు. మేడిపండు లాంటి ఫైళ్లు చాలానే తిరుగుతుంటాయి. ఒకసారి నాకు తెలిసినవాళ్లు ఒక సర్టిఫికెట్ పంపారు. పేరు చివర డాట్ పీడీఎఫ్ అనే ఉంది. నా దగ్గరున్న మూడు రీడర్లలోనూ తెరిచి చూశాను. మూడూ ఫైల్ చెడిపోయిందనే అన్నాయి. మళ్లీ పంపమంటే మళ్లీ అదే. అప్పుడు దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. మొదటి వరుసలో పిచ్చి గీతల మధ్య, జేపీజీ ఫొటోల్లో కనబడే 'జేఎఫ్ఐఎఫ్' అనే నాలుగు అక్షరాలు స్పష్టంగా కనిపించాయి. అది పీడీఎఫ్ కాదు, ఫోన్‌తో తీసిన ఫొటో. అప్‌లోడ్ చేసే చోట పీడీఎఫ్ మాత్రమే తీసుకుంటామన్నారని, ఆయన ఫొటో పేరు చివర తోక మార్చి పంపేశారు. నేను తోకను తిరిగి జేపీజీ చేయగానే సర్టిఫికెట్ చక్కగా తెరుచుకుంది.

మీరు కూడా ఇలాగే చూడొచ్చు. నోట్‌ప్యాడ్‌ను ముందు ఖాళీగా తెరవండి. అందులో 'ఫైల్', 'ఓపెన్' నొక్కి, కింద మూలన టెక్స్ట్ ఫైళ్లు అని ఉన్నచోట 'ఆల్ ఫైల్స్' ఎంచుకుని, మీ ఫైల్‌ని తెరవండి. రైట్ క్లిక్ చేసి నోట్‌ప్యాడ్‌తో తెరవొచ్చు కదా అంటే తెరవొచ్చు గానీ, అక్కడ పొరపాటున 'ఎప్పుడూ దీనితోనే' అని నొక్కారంటే చీటీ మారిపోతుంది. లోపలి నుంచి తెరిస్తే ఆ ప్రమాదం లేదు. చూశాక సేవ్ చేయకుండా మూసేయండి. ఇది చాలా ముఖ్యం, నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేస్తే ఫొటోలాంటి ఫైల్ నిజంగానే పాడవుతుంది. వీడియోల్లాంటి భారీ ఫైళ్లతో ఈ పని వద్దు, నోట్‌ప్యాడ్ మొరాయిస్తుంది.

ఇప్పుడు మొదటి వరుస చదవండి. నిజమైన పీడీఎఫ్ అయితే అది పర్సెంట్ గుర్తుతో మొదలై, వెంటనే పీడీఎఫ్ అనే అక్షరాలు, ఒక గీత, 1.4 లేదా 1.7 లాంటి వెర్షన్ నంబర్ కనబడతాయి. పీఎన్‌జీ బొమ్మలో మొదటి గుర్తు తర్వాత పీఎన్‌జీ అనే ఉంటుంది. జిప్ ఫైల్ 'పీకే' అనే రెండు అక్షరాలతో మొదలవుతుంది. అవి ఆ ఫార్మాట్‌ను తయారుచేసిన ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలు. విండోస్ ప్రోగ్రామ్ అయితే 'ఎంజెడ్' ఉంటుంది, అది మార్క్ జ్బికోవ్‌స్కీ అనే మైక్రోసాఫ్ట్ ఇంజనీరు పేరు నుంచి వచ్చింది. పీడీఎఫ్ అని వచ్చిన ఫైల్‌లో మొదటి రెండక్షరాలు ఎంజెడ్ కనిపిస్తే దాన్ని తెరవకండి, తీసేయండి.

వర్డ్ డాక్యుమెంట్ డాక్స్‌ని ఇలా చూస్తే అందులోనూ 'పీకే' కనబడుతుంది. కంగారు పడకండి, ఆఫీస్ 2007తో వచ్చిన ఈ ఫార్మాట్ అసలు జిప్ మూటే. దానివల్ల ఒక లాభం కూడా ఉంది. డాక్స్ ఫైల్‌కి ఒక కాపీ తీసి, ఆ కాపీ తోకను జిప్ అని మార్చి విప్పితే, 'వర్డ్' ఫోల్డర్‌లో 'మీడియా' అనే ఫోల్డర్ ఉంటుంది. డాక్యుమెంట్‌లో పెట్టిన బొమ్మలన్నీ అందులో విడివిడిగా దొరుకుతాయి. జిప్‌ని తెరిచే యాప్‌కి వెళ్లిందా, వర్డ్‌కి వెళ్లిందా అన్న తేడా తెచ్చింది తోకే. లోపలి సరుకు మాత్రం రెండుసార్లూ ఒకటే.

విండోస్‌లో యాప్ మార్చడం

తోక సరైనదే, లోపలి సరుకు కూడా అదేనని తేలిందనుకుందాం. అప్పుడు మార్చాల్సింది చీటీనే.

దగ్గరి దారి ఇది. ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి, 'ఓపెన్ విత్' మీదికి వెళ్లి, 'చూజ్ అనదర్ యాప్' నొక్కండి. జాబితాలో మీకు కావాల్సిన యాప్‌ని ఎంచుకోండి. విండోస్ 11లో కింద రెండు బటన్లు ఉంటాయి, 'ఆల్వేస్' అని ఒకటి, 'జస్ట్ వన్స్' అని ఒకటి. ఈ ఒక్కసారికైతే రెండోది. ఇకమీదట ఆ తోక ఉన్న ఫైళ్లన్నీ అందులోనే తెరుచుకోవాలంటే మొదటిది. విండోస్ 10లో బటన్ల బదులు చిన్న టిక్ పెట్టె ఉంటుంది. చాలామంది యాప్ ఎంచుకుని, ఆ టిక్ పెట్టకుండా ఓకే కొట్టి, మార్చినా మారడం లేదని బాధపడతారు.

రెండో దారి, ఫైల్ మీద రైట్ క్లిక్, 'ప్రాపర్టీస్', అందులో 'ఓపెన్స్ విత్' పక్కన 'చేంజ్' బటన్. ఇప్పుడు ఏ యాప్‌తో ముడిపడి ఉందో కూడా అక్కడే కనబడుతుంది కాబట్టి, నేనైతే ముందు ఇక్కడికే వస్తాను.

ఒకేసారి చాలా తోకలు సర్దుకోవాలంటే 'సెట్టింగ్స్'లో 'యాప్స్', అందులో 'డిఫాల్ట్ యాప్స్'కి వెళ్లండి. విండోస్ 11లో పైనున్న పెట్టెలో చుక్కతో సహా తోక టైప్ చేస్తే దాని ప్రస్తుత యాప్ కనబడుతుంది, నొక్కి మార్చొచ్చు. కింద యాప్‌ల జాబితాలో ఒక యాప్‌ని నొక్కితే అది తెరవగల తోకలన్నీ వరుసగా వస్తాయి. జేపీజీ, జేపీఈజీ రెండూ ఒకే యాప్‌కి వెళ్తున్నాయో లేదో ఇక్కడ సరిచూసుకోండి. ఈమెయిల్ లింకులు, వెబ్ లింకులు ఏ యాప్‌లో తెరుచుకోవాలన్నది కూడా ఇదే చోట ఉంటుంది, అవి కూడా చీటీలే.

ఆ పేజీలోనే 'రీసెట్' కూడా ఉంది. ఒక్క తోక కోసం దాన్ని నొక్కకండి. అది మీరు ఏళ్ల తరబడి సర్దుకున్న ఎంపికలన్నిటినీ ఒక్కసారిగా మైక్రోసాఫ్ట్ సిఫార్సులకు మార్చేస్తుంది.

లోపల జరిగేది తెలుసుకోవాలనుంటే కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే కిటికీ) తెరిచి 'అసోక్' (assoc) అనే కమాండ్, ఒక ఖాళీ, చుక్కతో టీఎక్స్‌టీ అని ఇంగ్లిష్‌లో కొట్టి ఎంటర్ నొక్కండి. డాట్ టీఎక్స్‌టీ అంటే 'టీఎక్స్‌టీ ఫైల్' అని జవాబు వస్తుంది. అంటే తోక నేరుగా యాప్‌కి ముడిపడి లేదు, మధ్యలో ఒక రకం పేరు ఉంది. ఇప్పుడు 'ఎఫ్‌టైప్' (ftype) అనే కమాండ్ పక్కన ఆ రకం పేరు ఇస్తే, నోట్‌ప్యాడ్ ఉన్న చోటు, దాని చివర పర్సెంట్ గుర్తు, 1 అంకె కనబడతాయి. మీరు డబుల్ క్లిక్ చేసిన ఫైల్ చిరునామా వచ్చి కూర్చునేది ఆ పర్సెంట్ 1 స్థానంలోనే. అంటే తోక నుంచి రకం, రకం నుంచి కమాండ్, మూడు మెట్లు. వీటి పైన, మీరు స్వయంగా ఎంచుకున్న యాప్‌ని విండోస్ 'యూజర్ చాయిస్' అనే పేరుతో విడిగా రాసుకుంటుంది, ఉంటే దానిదే పైచేయి. అందుకే ఈ రెండు కమాండ్లూ ఒక యాప్ పేరు చెబుతుంటే, డబుల్ క్లిక్ మాత్రం ఇంకో యాప్‌ని తెరవొచ్చు.

మ్యాక్‌లో, లినక్స్‌లో

మ్యాక్‌లో ఫైల్‌ని ఎంచుకుని కమాండ్, ఐ కలిపి నొక్కితే 'గెట్ ఇన్ఫో' కిటికీ వస్తుంది. 'ఓపెన్ విత్' అన్నచోట యాప్ మార్చండి. అక్కడితో ఆగితే మారేది ఆ ఒక్క ఫైల్‌కే. దాని కిందున్న 'చేంజ్ ఆల్' నొక్కితేనే ఆ రకం ఫైళ్లన్నిటికీ వర్తిస్తుంది. మ్యాక్ వాడేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

ఒక్క ఫైల్‌కి మాత్రమే వేరే యాప్ పెట్టుకోగలగడం మ్యాక్‌లో నాకు బాగా నచ్చిన సంగతి. ఆ గుర్తు ఫైల్‌కే అంటిపెట్టుకుని ఉంటుంది. ఇందాక ఫైల్‌కి యాప్ సంగతి మామూలుగా తెలియదన్నాను కదా, ఇది దానికి మినహాయింపు. 1984లో వచ్చిన మొదటి మ్యాకింతోష్‌లో తోకలే అక్కర్లేదు. ప్రతి ఫైల్‌కీ నాలుగేసి అక్షరాల గుర్తులు రెండు ఉండేవి, అది ఏ రకం ఫైలో ఒకటి, ఏ ప్రోగ్రామ్ తయారుచేసిందో ఇంకొకటి. వేర్వేరు ప్రోగ్రాముల్లో రాసిన రెండు టెక్స్ట్ ఫైళ్లు దేని ప్రోగ్రామ్‌లో అది తెరుచుకునేవి. మిగతా ప్రపంచమంతా తోకలతో నడుస్తుంటే అది నిలవలేదు. 2009లో వచ్చిన స్నో లెపర్డ్ అనే మ్యాక్ వెర్షన్ నుంచి, ఏ ప్రోగ్రామ్ తయారుచేసిందో చెప్పే గుర్తును మ్యాక్ పట్టించుకోవడం మానేసింది.

లినక్స్‌లో రకాలకు మైమ్ పేర్లు వాడతారు. 1992లో ఈమెయిల్ అటాచ్‌మెంట్ల కోసం నథానియెల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ రాసిన ప్రమాణం నుంచి వచ్చాయవి, ఇప్పుడు వెబ్ అంతా వాటి మీదే నడుస్తోంది. నోమ్ డెస్క్‌టాప్ అయితే ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి 'ఓపెన్ విత్' నొక్కి, యాప్ ఎంచుకుని, ఈ రకం ఫైళ్లకు ఎప్పుడూ ఇదే అన్న మీటను ఆన్ చేయండి. కేడీఈ అయితే సిస్టమ్ సెట్టింగ్స్‌లో 'ఫైల్ అసోసియేషన్స్' అని వెతకండి. మీ ఎంపికలన్నీ మీ హోమ్ ఫోల్డర్‌లోని 'కాన్ఫిగ్' అనే దాగిన ఫోల్డర్‌లో, 'మైమ్‌యాప్స్ డాట్ లిస్ట్' అనే మామూలు టెక్స్ట్ ఫైల్‌లో ఉంటాయి. చీటీ అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం, తెరిచి చదువుకోవచ్చు. దానికి ఒక కాపీ తీసి దాచుకుంటే, కొత్త కంప్యూటర్‌లో అవే యాప్‌లు వేసుకున్నాక దాన్ని అదే చోట పెడితే చాలు, మళ్లీ ఒక్కొక్కటీ సర్దుకోనక్కర్లేదు.

మార్చినా మళ్లీ మారిపోతుంటే

కొత్త యాప్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మధ్యలో ఒక పేజీలో పదీ ఇరవై తోకలకు ముందే టిక్ పెట్టి చూపిస్తుంటారు. 'నెక్స్ట్' కొట్టుకుంటూ పోకుండా అక్కడ ఆగండి, మీకు కావాల్సినవి ఉంచి మిగతావి తీసేయండి. తెరిచినప్పుడల్లా తననే డిఫాల్ట్ చేయమని అడిగే యాప్‌లో, మళ్లీ అడగొద్దు అన్న టిక్ దాదాపు ఎప్పుడూ పక్కనే ఉంటుంది.

పాత విండోస్‌లో ఏ ప్రోగ్రామైనా చెప్పాపెట్టకుండా చీటీ మార్చేసేది. విండోస్ 8 నుంచి మీ ఎంపిక పక్కన సరిచూసుకునే సంకేతం ఒకటి రాసిపెడుతున్నారు. ఎవరైనా దొడ్డిదారిన మారిస్తే ఆ సంకేతం కుదరదు. అప్పుడు విండోస్ ఆ ఎంపికను కొట్టేసి, డిఫాల్ట్ యాప్ రీసెట్ అయిందని నోటీసు చూపిస్తుంది. ఆ నోటీసు వస్తే, ఈమధ్య ఏం ఇన్‌స్టాల్ చేశారో, ఏది అప్‌డేట్ అయిందో చూసుకోండి. విండోస్ తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీలోకి వెళ్లి చేత్తో మార్చినా ఇదే ఫలితం. అందుకే రిజిస్ట్రీలో ఫలానా లైన్ మార్చండి అని ఎవరైనా చెబితే వద్దనండి, సెట్టింగ్స్ దారే మంచిది.

యాప్‌ని తీసేశాక ఐకాన్లు తెల్లగా మారితే, చీటీ ఇంకా ఆ లేని యాప్ వైపే చూపిస్తోందన్నమాట. వేరే యాప్ ఎంచుకోండి, సరిపోతుంది. అసలు ఎప్పుడూ చూడని తోక ఎదురైతే మాత్రం, ఏ ఫైల్‌నైనా తెరుస్తామనే సాఫ్ట్‌వేర్ జోలికి పోకండి. పంపినవాళ్లనే దేనిలో తయారుచేశారని అడగండి, లేదా పీడీఎఫ్‌గా మార్చి పంపమనండి.

నొక్కగానే నడిచే ఫైళ్ల సంగతి

చివరి పని ఇది, విండోస్ వాడేవాళ్లు తప్పకుండా చేసుకోవాలని నా కోరిక. కొన్ని తోకలకు ఉన్న చీటీ ఫైల్‌ని చూపించమని కాదు, నడిపించమని.

2000 మే 4న ప్రపంచమంతా పాకిన వైరస్ ఈ చీటీనే వాడుకుంది. ప్రేమలేఖ పేరుతో ఈమెయిల్‌కి జతగా వచ్చిన ఆ ఫైల్ పేరు చివర రెండు తోకలు ఉండేవి, ముందు టీఎక్స్‌టీ, దాని తర్వాత వీబీఎస్. అసలు తోకైన వీబీఎస్‌ని విండోస్ దాచేయడంతో, చూసేవాళ్లకు అది టీఎక్స్‌టీతో ముగిసే మామూలు టెక్స్ట్ ఫైల్‌లా కనిపించింది. డబుల్ క్లిక్ చేయగానే అది నోట్‌ప్యాడ్‌కి వెళ్లలేదు. చీటీ ప్రకారం స్క్రిప్టులు, అంటే కంప్యూటర్‌కి ఆదేశాలిచ్చే ఫైళ్లు, నడిపే ప్రోగ్రామ్‌కి వెళ్లింది. ఎందరివో ఫొటోలను చెరిపి వాటి స్థానంలో తన కాపీలు పెట్టింది, అడ్రస్ బుక్‌లో ఉన్నవాళ్లందరికీ తనను తాను పంపుకుంది. తోక కనబడి ఉంటే ఎంతమంది ఆగేవారో!

ఆ దారి మూయడానికి జేఎస్, వీబీఎస్, డబ్ల్యూఎస్ఎఫ్ అనే మూడు తోకల చీటీలను నోట్‌ప్యాడ్‌కి మార్చండి. ఆఫీసు కంప్యూటర్ అయితే అక్కడి సిస్టమ్స్ చూసేవాళ్లను అడిగాకే, ఎందుకంటే కొన్నిచోట్ల రోజువారీ పనులకు ఇలాంటి స్క్రిప్టులు వాడతారు. సొంత కంప్యూటర్ అయితే డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి కొత్త టెక్స్ట్ ఫైల్ ఒకటి సృష్టించండి. అందులో ఏమీ రాయకుండా, దాని తోకను జేఎస్ అని మార్చండి. తోక మారిస్తే ఫైల్ పనికిరాకుండా పోవచ్చని విండోస్ హెచ్చరిస్తుంది, ఒప్పుకోండి. ఇప్పుడు రైట్ క్లిక్, 'ప్రాపర్టీస్', 'చేంజ్', నోట్‌ప్యాడ్. తర్వాత అదే ఫైల్ తోకను వీబీఎస్ చేసి ఒకసారి, డబ్ల్యూఎస్ఎఫ్ చేసి ఇంకోసారి ఇదే పని చేయండి. ప్రతిసారీ డబుల్ క్లిక్ చేసి చూడండి. నోట్‌ప్యాడ్‌లో ఖాళీ పేజీ తెరుచుకుంటే ఆ తోక పని అయినట్టే. మూడూ అయ్యాక ఆ ఫైల్‌ని తీసేయండి.